రంగూను వీధులు – ప్రవాసాంధ్రులు
(ఒక సభయందు గావింపబడిన ఉపన్యాస పాఠము)



నేడిచ్చట గూడినవారిలో బిడ్డలను దూరదేశములకు పంపినవారే పెక్కురు. ఏదో యొకనాటి రాత్రి ఆ దేశమున జనులు వీధుల కెక్కిరనియు, పోలీసులు కాల్పులు జరిపిరనియు వార్త వచ్చును. అప్పుడు మన నోట వచ్చు మొదటి ప్రశ్న యొక్కటే: మనవాడు క్షేమముగా నున్నాడా? ఆ ప్రశ్నయందు దోషమేమియు లేదు. తల్లి యడుగవలసిన ప్రశ్న యదియే. కాని ఫోను వచ్చి, బిడ్డ గొంతు వినబడి, తలుపులు వేసికొని లోపలనే యున్నానని చెప్పిన పిదప మనము పత్రికను మడిచి పెట్టుదుము. ఆ జనులేల వీధి కెక్కిరి, ఆ వీధిలో మనవాని యిల్లు ఏ ప్రక్కన నున్నది, రేపు ఆ జనులే గెలిచినచో మనవానిని ఏమని పిలుతురు – ఈ రెండవ ప్రశ్నను మనము సాధారణముగా నడుగము. మేము నేడు ముచ్చటింపదలచినది ఆ రెండవ ప్రశ్నను గూర్చియే.

ఇట్టి సంగతిని సాధారణముగా మాటలాడుట సులభము. మాటలాడి యెవరికిని నొప్పి కలిగింపకుండ ఇండ్లకు బోవుటయు సులభమే. కావున ఒక్క దేశమును దీసికొందము. అది బర్మా. 1989 నుండి అచ్చటి ప్రభుత్వము తన దేశమును మ్యాన్మారనియు, రంగూనును యాంగోననియు వ్రాయుచున్నది. మేము పాతకాలపు సంగతులు చెప్పుచున్నాము గనుక పాతపేర్లతోడనే చెప్పుదుము. మన శ్రీకాకుళపు వృద్ధులకు అది రంగూను గూడ గాదు, రంగము. 'రంగము పోయినాడు' అన్నమాటకు కూలికై సముద్రము దాటినాడని యర్థము. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, బారువ రేవులలో పొగయోడ నెక్కినవాడు రంగూను రేవున దిగెడివాడు. బర్మావారు తెలుగువాని నెల్ల 'కొరంగీ' యనిరి. గోదావరి ముఖద్వారముననున్న కోరంగి రేవు పేరు అట్లు ఒక జాతికి పేరయినది. ఆ కోరంగి 1839 నాటి తుపానులో సర్వనాశనమై తిరిగి పూర్వపు స్థితికి రాలేదు. రేవు పోయినది గాని పేరు సముద్రమున కావలి యొడ్డున నూరేండ్లు బ్రతికినది. ఆ పేరు పిలుపుగానే గాక తిట్టుగాకూడ బ్రతికినదని మరువరాదు.

1931 జనసంఖ్య ప్రకారము రంగూను నగరమున నాలుగు లక్షల జనులుండగా అందులో భారతీయులు రెండు లక్షల పండ్రెండు వేలకు పైబడిరి. అనగా బర్మా రాజధానిలో బర్మావారు సగమునకు తక్కువ. దేశమంతట భారతీయులు పదిలక్షలు. వారిలో తెలుగువారు లక్షన్నరకు పై మాట. రేవులో మూటలు మోసినవాడు తెలుగువాడు. బియ్యపు మిల్లులో పొట్టు దులిపినవాడు తెలుగువాడు. రిక్షా లాగినవాడు తెలుగువాడు. వీరిలో అనేకులు మేస్త్రీ యిచ్చిన బయానాతో ఓడ నెక్కి, ఆ బయానా తీరువరకు ఆ మేస్త్రీకి కట్టువడి, మూడు నాలుగేండ్లు గడచిన పిదప పల్లెకు మరలి ఎకరమో అరయెకరమో కొనుగోలు చేయవలెనన్న కోరికతో బ్రతికినవారు. వారు బర్మాను చూడలేదు. రేవును జూచిరి, కూలిబారకులను జూచిరి, మేస్త్రీ ముఖమును జూచిరి.

1930 మే 5వ తేదీని జ్ఞప్తికి దెచ్చుకొనుడు. ముందటి రాత్రి తెల్లవారకముందే కరాడీ గ్రామమున మహాత్ముని నిర్బంధించిరి. ఆ దినము సాయంకాలమే బర్మాలో భూకంపము వచ్చి పెగూ పట్టణమును నేలమట్టము గావించెను. రంగూనులోను గోడలు కూలి జనులు మడిసిరి. కొలది దినములకు రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి హెచ్చింపుమని పని మానిరి. ఓడలకు సరుకు నెత్తించు కంపెనీలవారు తలయూచక, పల్లెలలో పంటధరలు పడిపోయి పనికై నగరమునకు వచ్చిన బర్మా కూలీలను దెచ్చి ఆ పనిలో బెట్టిరి. పదునైదు దినములు గడచెను. కంపెనీవారికి తెలుగు కూలీల చేతివాటమే కావలసివచ్చెను. వారితో రాజీపడిరి. మే 26వ తేదీ ఉదయమున ఎప్పటివలె పనికి వచ్చిన బర్మావారిని ఇక మీతో పనిలేదు, పొండని చెప్పిరి. తిరిగి పనిలో జేరుచున్న మనవారు వారిని జూచి నవ్విరని చెప్పుదురు.

ఆ నవ్వునకు చెల్లించిన వెల యేమనవలెను? ఆ యుదయము రేవులో మొదలైన కలహము నగరమెల్ల వ్యాపించెను. కొరంగీ యన్న పేరుగల ప్రతివాడును ఎరయయ్యెను. చచ్చినవారు నూట యిరువదియనియు, గాయపడినవారు తొమ్మిది వందలనియు ప్రభుత్వమువారు లెక్క చెప్పిరి. నిజము దానికి రెట్టింపో, అంతకు మించియో యని యితరులు చెప్పిరి. వేలకొలది తెలుగువారు స్త్రీలను బిడ్డలను దీసికొని పాత పిచ్చాసుపత్రి ఆవరణమున తలదాచుకొనిరి. పాకీవారు గూడ తెలుగువారే యగుటచేత నగరము కంపుగొట్టెను.

ఇందు ఎవరి తప్పెంత? కూలి హెచ్చింపుమని యడిగిన తెలుగువాని యందు తప్పు లేదు. పని దొరికినదని వచ్చిన బర్మావాని యందును తప్పు లేదు. ఇద్దరును ఆకలిగొన్నవారే. ఒక ఆకలిని మరియొక ఆకలిపై నుసికొల్పి, పని తీరిన పిదప పోపొమ్మన్న కంపెనీ దొరలకు ఒక్క గాయమైనను తగులలేదు. ఈ కథ పాతదని యనుకొనకుడు. సమ్మెచేయుచున్న స్థానికుల చోటులో పరదేశీయుని నియమించుటయో, పరదేశీయుని చోటులో స్థానికుని నియమించుటయో నేటికిని యజమానుల చేతి పాచికయే. ఆ పాచిక పడిననాడు మనవాడు ఏ వైపున నిలుచుననునదే ప్రశ్న.

కొట్లాట సద్దుమణిగిన దినములలోనే, ఆ మంట వెలుగులోనే, బర్మా యువకులు కొందరు 'దొబమా' యను సంఘమును స్థాపించిరి. ఆ మాటకు 'మేము బర్మావారము' అని యర్థము. ఆంగ్లేయుని 'దొర' యని పిలుచుటకు వాడు 'తఖిన్' శబ్దమును వారు తమ పేర్లకు దామే తగిలించుకొనిరి. ఈ దేశమునకు దొరలము మేమే యనుట వారి భావము. పిమ్మట ఆంగ్ సాన్, ఊ నూ లిరువురును ఆ సంఘమునుండియే పైకివచ్చిరి. బర్మా స్వాతంత్ర్యోద్యమములోని ఆ ప్రధానశాఖ తెలుగు కూలీల రక్తము చిందిన వీధిలో మొలకెత్తినదన్న సంగతి మన చరిత్రపుస్తకములలో కనబడదు. కనబడవలెనని మా యభిప్రాయము.

ఆ సంవత్సరమే డిసెంబరులో సయా సాన్ నాయకత్వమున రైతులు తిరుగబడిరి. పన్నులు కట్టలేక, ధాన్యమునకు ధరలేక, కత్తులు బల్లెములతో తుపాకుల కెదురుగ నడచిరి. 1931 నవంబరులో సయా సాను నురిదీసిరి. అదే కాలమున ఇచ్చట ఉప్పు సత్యాగ్రహము జరుగుచున్నది. రంగూనులోని చదువుకొన్న భారతీయుడు మదరాసు పత్రికలను, కలకత్తా పత్రికలను తెప్పించుకొని దండియాత్రను గూర్చి చదివి కంటనీరు పెట్టుకొనెను. తన కిటికీ క్రింద నడచుచున్న చరిత్రను జదువుటకు వానికి భాష రాదు. ఇరువదియేండ్లు ఆ నగరమున నుండియు బర్మాభాషలో బజారుమాటలకు మించి నేర్వనివారు వేలమంది. స్వదేశమున తాను దేశభక్తుడు. అచ్చట తాను పాలకులతో గూడ వచ్చినవాడు. ఈ రెండును ఒక్క మనుష్యునియందే యెట్లిమిడెనో, అది వానికే తెలియలేదు.

ఇందుకొక దృష్టాంతము. 1930 ఫిబ్రవరిలో కలకత్తా మేయరు సేన్‌గుప్తా రంగూనునకు వచ్చి, బర్మాను భారతదేశమునుండి వేరుచేయరాదని ఉపన్యసించెను. ప్రభుత్వము రాజద్రోహ నేరము మోపి విచారించి పది దినముల శిక్ష విధించెను. ఆ ధీరుని యెడ మాకు గౌరవము కలదు. కాని ఆ సభలో బర్మావాడొకడు కూర్చుండియుండిన ఏమనుకొని యుండును? తన దేశము మరియొక దేశముతో గలిసియుండవలెనా, విడిపోవలెనా యను సంగతిని ఆ మరియొక దేశమునుండి వచ్చినవాడు నిర్ణయించుచున్నాడు! బర్మావారిలోను విడిపోవుటను వ్యతిరేకించిన పక్షమొకటి యుండెను. అది వేరు సంగతి. వాదము సరియే యగుగాక, చెప్పిన నోరెవరిదో జనులు చూతురు. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా విడిపోయెను.

నేల సంగతి చెప్పక పోరాదు. ఇది లేనిచో తక్కినదంతయు అర్థముకాదు. దిగువ బర్మా వరిభూములలో 1930 నాటికి చెట్టియారుల చేతిలోనున్నది నూటికి ఆరువంతులు. ప్రపంచమున ధాన్యపు ధర పడిపోగా రైతు వడ్డీ కట్టలేక భూమిని వదలుకొనెను. 1938 నాటికి అది నూటికి ఇరువదియైదు వంతులయ్యెను. ఎనిమిదేండ్లు గడచునప్పటికి పొలములలో నాలుగవ పాలు సముద్రమున కావలి వర్తకుని పద్దులో నుండెను. చెట్టియారులు సైతము ఆ భూమిని కోరి తీసికొనలేదనియు, వారికి కావలసినది రొక్కమనియు నొక వాదము గలదు. కావచ్చును. భూమి పోయిన రైతునకు ఆ వాదముతో నేమి పని? వాడు రంగూను వచ్చి కొరంగీ కూలిని జూచి, అప్పిచ్చినవాడును ఇతడును ఒక్క ఓడలోనే వచ్చిరనుకొనెను. ఇరువురిని వేరుచేసి చూడుమని యాకలిగొన్నవానికి మనము చెప్పలేము. వేరని చూపవలసినవాడు కూలియే. కాని చూపుటకు వానికి భాష లేదు, సంఘము లేదు, తీరికయు లేదు.

1938 జూలైలో మరల కలహము. ఒక ముస్లిము గ్రంథకర్త బౌద్ధమును దూషించుచు వ్రాసిన పుస్తకము మరల నచ్చుపడినదను సాకుతో, 26వ తేదీన ష్వెడగోను పగోడా కడ సభ జరిగి, అచ్చటి జనులు ఊరేగింపుగా బజారుమీదికి వచ్చిరి. ఈ పర్యాయము దెబ్బ ముఖ్యముగా భారతీయ ముస్లిములకు తగిలినది. విచారణ సంఘమువారు పుస్తకము నిప్పురవ్వ మాత్రమేననియు, ఎండుగడ్డి వేరుగ నున్నదనియు దెలిసికొనిరి. ఆ యెండుగడ్డిలో భూమి సమస్య యొక పెద్ద మోపు. ఆ సంవత్సరాంతమున నూనెబావుల కార్మికులు చౌకు, యెనంజావు ప్రాంతములనుండి కాలినడకను రంగూనునకు సాగివచ్చిరి. డిసెంబరు 20వ తేదీన విద్యార్థి ఆంగ్ చో పోలీసుదెబ్బలకు మృతిజెందెను. 1939 ఫిబ్రవరి 10న మాండలేలో పదునేడుగురు కాల్పులలో గూలిరి. బర్మావారు దీనిని తమ శకము 1300వ సంవత్సరపు విప్లవమందురు. జూలై జనసమూహమును, డిసెంబరు జనసమూహమును ఒక్కటిగా నెంచి 'బర్మావారు లేచినారు, తలుపులు వేయుడు' అన్నవారే మనవారిలో నధికులు. వీధి కెక్కిన ప్రతి గుంపును ఒక్కటి కాదు. ఒకటి పొరుగువాని దుకాణము మీదికి పోవును. మరియొకటి సచివాలయము మీదికి పోవును. ఈ భేదమును గుర్తింపలేనివాడు రెండింటికిని సమానముగా భయపడును, తుదకు రెండింటికిని శత్రువగును.

గుర్తించినవారు లేకపోలేదు. అలహాబాదులో బుట్టిన రషీదు 1936 నాటి రంగూను విశ్వవిద్యాలయపు సమ్మెలో ఆంగ్ సాన్, ఊ నూ లతో గలిసి పనిచేసి, స్వతంత్ర బర్మాలో ఊ నూ మంత్రివర్గమున మంత్రి యయ్యెను. మేక్తిలాలో భారతీయుడగు తండ్రికిని బర్మా తల్లికిని జనించిన రజాకు మాండలేలో జాతీయ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడై, బౌద్ధబాలురకు ముస్లిము గురువై, ఆంగ్ సాన్ మంత్రివర్గమున జేరెను. 1947 జూలై 19న సచివాలయమున తుపాకులు పేలినప్పుడు ఆంగ్ సాను ప్రక్కన గూలినవారిలో ఆయన యొకడు. నేటికిని ఆ దేశమున జూలై 19 అమరవీరుల దినము. ఆ వీరులలో నొకడు భారతీయుని కుమారుడు. ఘోషాల్ అను వంగీయుడు బర్మా కమ్యూనిస్టు పార్టీ స్థాపకులలో నొకడై, తుదకు 1967లో ఆ పార్టీవారి చేతులలోనే ప్రాణము గోల్పోయెను. ఆయన మార్గమును మేము మెచ్చుకొనుట లేదు. ఆ దేశపు కష్టసుఖములను తనవిగా జేసికొన్నవాడని మాత్రము చెప్పుచున్నాము. వీరు చదువుకొన్నవారు, అచ్చటివారితో నొక బల్లపై గూర్చున్నవారు. రేవుకూలికి ఆ భాగ్యమెక్కడిది యని మీరడుగవచ్చును. అడుగవలసినదే. కూలీలకు సంఘము పెట్టి భాష నేర్పి స్థానిక కూలీతో చేయి గలుపుటకు మన విద్యావంతులు ఆనాడు పూనుకొని యుండిన, 1930 మే నెల మరియొక రీతిగ గడచియుండెడిదేమో.

1941 డిసెంబరు 23న జపానువారు రంగూను మీద బాంబులు వేసిరి. తరువాతి కథ మన యిండ్లలో వినినదే. నాలుగైదు లక్షలమంది కాలినడకను తౌంగుపు కనుమ దాటి అరకాను మీదుగను, తమూ మీదుగ మణిపురమునకును, హుకాంగు లోయగుండ అస్సామునకును సాగిరి. మలేరియాతోను, కలరాతోను, ఆకలితోను దారిలో రాలినవారు వేలకు వేలు. దానిని మేము విస్తరింపము.

1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైనది. అచ్చట మిగిలినవారికి, మరలిపోయి వచ్చినవారికి పౌరసత్వమును గోరుకొను నవకాశమును ఆ సంవత్సరపు చట్టము గల్పించెను. కోరినవారు కొందరే. దరఖాస్తు వ్రాయుట తెలియక కొందరు, పల్లెలోని అరయెకరము పోవునేమోయని కొందరు, చూతములే యని అధికులు ఊరకుండిరి. ప్రవాసుల చరిత్రలో 'చూతములే' యన్నంత ఖరీదైన మాట మరియొకటి లేదు. 1962 మార్చి 2న సేనాని నె విన్ అధికారము గైకొనెను. జూలై 7న విద్యార్థులపై కాల్పులు జరిగి, మరునాటి యుదయమున విద్యార్థి సంఘభవనము డైనమైటుతో పేల్చివేయబడెను. ఆ శబ్దము రంగూనులోని ప్రతి భారతీయుని దుకాణమునకును వినబడియుండును. అది విద్యార్థుల తగవు, మనది గాదని యనుకొన్నవారు రెండేండ్లు నిదురించిరి. 1964 మార్చిలో దుకాణములు జాతీయమయ్యెను. మేలో ఏబది, నూరు చాట్ల నోట్లు చెల్లవనిరి. పెట్టెలోని సొమ్ము కాగితమయినది. ఆ దశాబ్దమున సుమారు మూడు లక్షల భారతీయులు, మెడలోని నగను గూడ వెంట దెచ్చుకొనలేక, ఓడలలోను విమానములలోను వచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట అట్లు వెలసినదే.

భారతీయులు పోయినంత మాత్రమున బర్మావారి కడుపు నిండెనా? 1967లో బియ్యము దొరకలేదు. బియ్యపు దేశమున బియ్యపు కరవు! ఆ జూనులో రంగూనులోని చీనా విద్యార్థులు మావో బొమ్మ గల బిళ్ళలు ధరించి పాఠశాలలకు వచ్చిరి. వారును మన పాతవారివలెనే తాము విడిచివచ్చిన దేశపు విప్లవమును చూచుచు, తామున్న దేశపు ఆకలిని చూడలేదు. జనుల కోపము ప్రభుత్వము మీదికి బోక చీనావారి పేటమీదికి బోయెను. ప్రభుత్వము చూచుచు నిలిచెను. పరాయివాడు లేనిచో పాలకునకు ఎంత కష్టమో ఇందువలన తెలియును. 1988 జూలైలో గూడ, దేశమంతయు విద్యార్థుల వెంట కదలుచుండగా, ప్రోములోను తౌంజీలోను బౌద్ధ ముస్లిము కలహములు రేగెను. అవి తమంత తాము రేగినవని బర్మాలోనే అనేకులు నమ్మలేదు.

1982లో వచ్చిన పౌరసత్వ చట్టమును గూర్చి రెండు మాటలు. అది పౌరులను మూడు తరగతులు గావించినది: పూర్ణపౌరులు, అనుబంధపౌరులు, స్వీకృతపౌరులు. 1823కు పూర్వమునుండి, అనగా ఆంగ్లేయులతో మొదటి యుద్ధమునకు ముందునుండి ఆ దేశమున స్థిరపడిన జాతులు మొదటి తరగతివారు. నాటి రేవుకూలి మనుమడు ఎన్ని పత్రములు చూపినను, ఆ కచేరీలో గుమాస్తా ముఖము చూచి మాటాడును. ఇట్టివారిని దేశభవిష్యత్తును నిర్ణయించు పదవులలో నుంచరాదని నె విన్ దొర బహిరంగముగనే చెప్పెను.

అయినను 1988 వచ్చినది. ముందటి సెప్టెంబరులో ఇరువదియైదు, ముప్పదియైదు, డెబ్బదియైదు చాట్ల నోట్లను రద్దుచేసిరి. ఈసారి కాగితమైనది పరదేశీయుని సొమ్ము గాదు, బర్మావాని సొమ్మే. మార్చిలో నొక తేనీటి దుకాణములోని జగడమునుండి పుట్టిన నిప్పు ఆగస్టు 8వ తేదీకి దేశమంతయు నంటుకొనెను. వార్తలు తెలిసికొనుటకు జనులు లండను రేడియో బర్మాభాషా ప్రసారమును చెవికానించి వినిరి. భిక్షువులు, రేవుకూలీలు, కచేరీ గుమాస్తాలు, సకల మతములవారు ఒక్క వరుసలో నడచిరి. సెప్టెంబరు 18న సైన్యము తిరిగి విరుచుకుపడెను. మృతులు మూడువేలవరకుందురని చెప్పుదురు. 2007లో భిక్షువులు కాషాయములతో వర్షమున నడచిరి. 2021 ఫిబ్రవరి 1న సైన్యము మరల ప్రభుత్వమును బట్టుకొనగా, రాత్రి యెనిమిది గంటలకు ఇంటింటను గిన్నెలు గరిటెలతో మ్రోయించిరి. దయ్యములను తరుముటకు ఆ దేశమున పూర్వమునుండి యున్న ఆచారమది. మొదట పని మానినవారు ఆసుపత్రుల వైద్యులు, నర్సులు. ఫిబ్రవరి 4న ఫేసుబుక్కును మూసిరి. నెల నడుమనుండి రాత్రి యొంటిగంట మొదలు ఉదయము తొమ్మిదివరకు ఇంటర్నెట్టు నాపిరి.

ఆ గిన్నెల చప్పుడు వినుచున్న తెలుగు యింటిని ఊహింపుడు. రంగూనులోను, మోల్మేను ప్రాంతమునను తెలుగు కుటుంబములు నేటికిని గలవు. తాత 1930ని జూచినవాడు, తండ్రి 1964లో దుకాణమును గోల్పోయినవాడు. ఆ యింటి బాలుడు గిన్నె చేతబట్టుకొనవలెనా? 'వద్దు నాయనా, మనకెందుకు' అనుట తండ్రికి పిరికితనము గాదు, వాని జ్ఞాపకము. దానిని మేము పరిహసింపము. ఏ.సీ. గదిలో గూర్చుండి పొరుగుదేశపు బిడ్డలను తుపాకి ముందుకు పొమ్మనుట మా పని గాదు. కాని గిన్నె మ్రోగని యిల్లు ఆ వీధిలో అందరికిని తెలియునన్న మాట గూడ నిజము. ఊరకుండుట ఎవరికిని కనబడదని ప్రవాసి యనుకొనును. అదియే అందరికంటె ముందుగ కనబడును.

నేటి మన యువకుని సంగతికి వత్తము. వాడు బయానాతో ఓడనెక్కినవాడు గాదు, ఉద్యోగపత్రముతో విమానమెక్కినవాడు. అయినను వానికిని తామున్న నగరపు అలజడి కార్యాలయమువారు పంపు హెచ్చరికగా మాత్రమే తెలియుచున్నది: ఫలాని వీధికి పోకుడు, ఇంటినుండియే పనిచేయుడు. చేతిలోని ఫోనులో వాడు చూచునది మన యసెంబ్లీలోని కేకలు. మన యెన్నికలను గూర్చి అర్ధరాత్రివరకు వాదించును. తన పిల్లలు చదువు బడికి సొమ్మిచ్చు పురపాలక సంఘమునకు ఎన్నికలెప్పుడో ఎరుగడు. వీసా మీద నున్నవాడు ఊరేగింపున నడచిన వీసాకే మోసము రావచ్చును. ఆ భయము సహేతుకమే, అట్టివానిని నడువుమని మేము చెప్పము. తెలిసికొనుటకు వీసా యడ్డమా? ఆ దేశపు భాషలో ఆ దేశపు పత్రికను చదువుటకు ఎవరి యనుమతి కావలెను? పనిమానినవాని కుర్చీలో గూర్చుండనని చెప్పుట కష్టమే; కూర్చుండుటవలన గలుగు కష్టము 1930లో చూచితిమి. ఇక అచ్చటి పౌరసత్వము స్వీకరించి ఓటు సంపాదించినవాడు 'అది వారి రాజకీయము' అనినచో, వాడు పౌరుడో అతిథియో వాడే చెప్పవలెను.

మరియొక సంగతి చెప్పి విరమింతుము. 2017లో అరకానునుండి ఏడు లక్షలకు మించిన రోహింగ్యాలు బంగ్లాదేశమునకు తరుమబడినప్పుడు రంగూను జనులలో అధికులు నోరు మెదపలేదు. మెదపినవారు సైన్యమునే సమర్థించిరి. నాలుగేండ్లకు అదే సైన్యము తమ బిడ్డలమీదనే తుపాకి త్రిప్పగా, ఆ యువకులలో ననేకులు బాహాటముగ రోహింగ్యాలను క్షమాపణ వేడిరి. సైన్యమున కెదురుగ నేర్పడిన జాతీయ ఐక్యతా ప్రభుత్వము 2021 జూన్ 3వ తేదీన నొక ప్రకటన గావించి, 1982 పౌరసత్వ చట్టమును రద్దుచేసి, పుట్టుకనుబట్టి పౌరసత్వము నిచ్చు క్రొత్త చట్టము తెత్తుమని వాగ్దానము చేసినది. ఆనాటికి వారిచేతిలో రాజధాని లేదు, ఖజానా లేదు. అనేకులు అడవులలోను పరదేశములలోను ఉండిరి. ఆ చట్టము క్రింద మూడవ తరగతి పౌరుడుగ నున్న తెలుగువాని మనుమని కొరకు గూడ ఆ వాక్యము వ్రాయబడినది. దానిని వ్రాయించినవారు గిన్నెలు మ్రోయించిన వీధివారు.